కట్టు ఇంట్లో కొట్లాట సినిమా

టీవీలో కొట్లాటలంటే నాకు ఒళ్ళుమంట. ఒకడు తన్నడం, పదిమంది గాల్లోకి ఎగరడం, ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని చూడడం! "ఏముండాది అందులో, మీ మొగం!" అని ఎన్నిసార్లు టీవీ కట్టేశానో. పోయినేడు చెల్లెలి చెయ్యి విరిగాక మానుకున్నాను.

వడమాలపేట నుంచి దాన్ని బస్సులో పుత్తూరు తీసుకెళ్ళాను. మా వైపు ఎముక విరిగితే ముందు కట్టుకే పోతాం, ఆస్పత్రి తర్వాతి మాట. కట్టు కట్టే పెద్దాయన వరండాలో కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. గోడమీద టీవీలో ఏదో సినిమా. అందులోనూ ఎముకలే విరుగుతున్నాయి. వీళ్ళంతా రెప్ప వేయకుండా చూస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"ఎట్ల విరిగింది మా?" అని అడిగాడు పెద్దాయన.

"బాత్రూంలో జారి పడింది," అన్నాను. చెల్లెలు తలూపింది. బస్సులోనే అనుకున్న మాట అది. మొగుడు మెలిపెట్టి విరిచాడని చెబితే ఊరంతా తెలుస్తుంది, వాడు రెండో చెయ్యీ విరుస్తాడు.

ఎముక సరిచేసేటప్పుడు ఆయన మనిషిని టీవీ వైపు తిప్పి కూర్చోబెడతాడు. "కొట్లాట రానీ మా. అది సూస్తా వుంటే నొప్పి తెలీదు," అన్నాడు.

వచ్చింది. పెళ్ళాన్ని జుట్టు పట్టి ఈడ్చిన మొగుణ్ణి ఆమె అన్నదమ్ములు గోడకేసి బాదుతున్నారు. పెద్దాయన చెల్లెలి చెయ్యి లాగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇంకా కొట్టండి వాన్ని! సంపండి నా కొడుకుని!" అని అరిచింది చెల్లెలు. పెళ్ళయిన ఆరేళ్ళలో దాని గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. "అట్లే కావల్ల వానికి!" అన్నారు వరండాలో ఆడవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది బాత్రూంలో జారిపడ్డవాళ్ళో.

ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. బయటికొస్తే దాని మొగుడు బండి మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో బత్తాయిల సంచి.

"మా ఇంటికి పోదాం రామే," అన్నాను దాని చెవిలో.

"పిల్లోళ్ళు ఆడనే వుండారు కదక్కా."

గయ్యాళినని ఊళ్ళో పేరు నాకు. ఆ నోటితోనే వాడికి, "మెల్లిగా పిలుచుకపోప్పా," అని చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

బండి ఎక్కుతూ చెల్లెలు నా కొంగు పట్టుకుంది. "సినిమాలో వాడు సచ్చినాడో లేదో సూసి సెప్పక్కా."

లోపలికి వెళ్ళి ఆ ఇరవై మందిలో నిలబడి చివరిదాకా చూశాను. వాడు చావాలని నాకూ ఉంది. వాడు పెళ్ళాం కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆమె క్షమించి లేవనెత్తింది.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "సచ్చినాడా అక్కా?" అని అడిగింది.

"సచ్చినాడు మే. బాగా కొట్టి సంపినారు," అన్నాను.