వైద్యుడికి ఒక తేదీ

పాలకొల్లు దగ్గర ఒక హైస్కూల్లో నేను తెలుగు చెబుతున్న రోజుల్లో, చిన్నప్పుడు నాకు పాఠం చెప్పిన హెడ్మాస్టరుగారు రిటైరై మా వీధిలోనే ఉండేవారు. ఆయనకు ఒకటే పట్టుదల. పూర్వం కలరా రోజుల్లో మా వైపు వైద్యుడొకాయన పడవలో కాలవల వెంట తిరిగి, ఏ కులమని అడక్కుండా ఇళ్లలోకి వెళ్లి మందిచ్చాడు. నీళ్లు కాచి తాగండని జనాన్ని బతిమాలాడు. చివరికి ఆ జబ్బుతోనే పోయాడు. ఏటా ఒక రోజు ఆయన పేర ప్రభుత్వమే అధికారికంగా జరపాలని మాస్టారి కోరిక. నా దస్తూరి బాగుంటుందని అర్జీ నాచేత రాయించారు.

ఒక్క అర్జీతో తేలిపోతుందనుకున్నాను. తొమ్మిదేళ్లు పట్టింది.

సెలవు పెట్టుకుని, భీమవరంలో బస్సు మారి ఏలూరు కలెక్టరాఫీసుకు వెళ్లేవాళ్లం. చేరేసరికి సెక్షన్లో గుమస్తా భోజనానికి లేచిపోయేవాడు. లేదా బదిలీ అయిపోయుండేవాడు. కొత్తాయనకు వైద్యుడి కథ మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి. మొదట్లో మాస్టారు అరగంట చెప్పేవారు. రానురాను అది ఐదు నిమిషాలకు తగ్గింది. ఆఖర్న, అంతా ఫైల్లో ఉందండి అని ఊరుకునేవారు.

మూడో ఏడు వచ్చిన సూపరింటెండెంటు మాత్రం ఫైలు నిజంగానే చదివాడు. జయంతో వర్ధంతో, ఏదో ఒక తేదీ లేకుండా పైకి పంపితే తిరిగొచ్చేస్తుందని మర్యాదగానే చెప్పాడు. అంతవరకూ మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.

వైద్యుడి మునిమనవరాలు, డెబ్భై దాటినావిడ, రెండూళ్ల అవతల ఉండేది. ఆయన ఎప్పుడు పుట్టాడో ఆవిడకు తెలియదు. శ్రావణ బహుళ దశమినాడు తద్దినం పెడతామని, ఆయన పోయిన ఏడు గోదావరి పొంగి కాలవ గట్లు తెగాయని వాళ్ల నాయనమ్మ చెప్పేదని అంది. తిథి ఉంది, సంవత్సరం లేదు.

మాస్టారికి అప్పటికే మోకాళ్ల నొప్పులు. ద్రాక్షారామంలో పాత పంచాంగాలు దాచిన సిద్ధాంతిగారి దగ్గరకు నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ రోజుల్లో గట్లు తెగినంత వరదలు రెండుసార్లు వచ్చాయట. రెండేళ్లకూ దశమి ఏ తేదీన పడిందో ఆయన లెక్కకట్టి ఇచ్చారు. రెండింటిలో ఏదన్నది తాను చెప్పలేనన్నారు.

ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చున్నాను. రెండూ రాస్తే ఫైలు మళ్లీ వెనక్కొస్తుంది. మళ్లీ సెలవు, మళ్లీ ఆ బస్సు. మొదటి సంవత్సరం రాసేశాను. మాస్టారికి రెండో దాని సంగతే చెప్పలేదు. ఆయన అర్జీ మొత్తం చదివి సంతకం పెట్టారు.

ఆ తర్వాత ఫైలు హైదరాబాదు వెళ్లింది. అక్కడ ఒకసారి కనబడకుండా పోతే మళ్లీ అంతా రాసిచ్చాం. ప్రభుత్వం మారింది. జీవో వచ్చిందని పేపర్లో చూసేనాటికి మాస్టారు మంచం దిగడం లేదు. పేపరు పట్టుకుని పరుగున వెళ్లాను. చదివి వినిపిస్తూ ఆ తేదీ దగ్గర ఆగిపోయాను. ఉన్నదంతా చెప్పేశాను.

ఆయన నా చేతిలోని పేపరు తీసుకుని మడిచారు.

"తెలుసమ్మా. నీ రాత ఆరో తరగతి నుంచీ చూస్తున్నాను. ఆ అంకె దగ్గర కలం ఆగింది, సిరా ముద్దగా పడింది" అన్నారు.

"మరి ఎందుకు అడగలేదండి?"

"అడిగితే ఇంకోసారి ఏలూరు వెళ్లాలి. నాకూ ఓపికైపోయిందమ్మా."

నాకు ఏడుపు రాలేదు, తేలిగ్గానూ అనిపించలేదు.

మొదటి కార్యక్రమం ఎమ్మార్వో ఆఫీసులో జరిగింది. మాస్టారు రాలేకపోయారు. మునిమనవరాలిని నేనే ఆటోలో తీసుకెళ్లాను. దారిలో ఆవిడకు కూడా నిజం చెప్పాను. వైద్యుడి ఫోటో ఎక్కడా లేదు కనుక, పేరు రాసిన అట్టకు దండ వేశారు. అధికారి జీవో చదివాడు. ఆవిణ్ణి రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు ముందుకు వెళ్లింది.

"మా ముత్తాతగారు పోయింది ఈ రోజో కాదో మాకు తెలీదండి. నీళ్లు కాచి తాగమన్నారు, అది మాత్రం నిజం" అని వచ్చి కూర్చుంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. పావుగంటలో హాలు ఖాళీ అయింది.

ఆ సాయంత్రం వెళ్లి ఆవిడ అన్న మాట చెబితే మాస్టారు నవ్వారు, తర్వాత దగ్గు వచ్చింది. మర్నాడు స్కూలుంది కనుక, ఆయనకు మంచినీళ్లు తాగించి ఇంటికి వచ్చేశాను.