కింది మూలలో వెలుగు

నా చిన్నప్పుడు ఇక్కడ బహ్రెయిన్‌లో మా పెదనాన్న అశ్రద్ధ వల్ల ఒక ముసలావిడ కాలు విరిగిందని మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. మొన్న ఆయన పోయాక మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో పెట్టిన ప్రార్థనలో కూడా ఒకాయన, “మనిషి బంగారం, పని మీదే చూపు తక్కువ” అన్నాడు. అందరితో పాటు నేనూ తల వంచుకుని ఆ మాట విన్నాను. ఆ మాట నిజం కాదు. ఎందుకు కాదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అప్పుడు మేం మనామాలోని గుదైబియాలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. పెళ్ళి చేసుకోని మా పెదనాన్న మాతోనే ఉండి, తన కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, నడిపే గ్యారేజీలో పనిచేసేవాడు. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం, ఫెలోషిప్‌లో ప్రార్థన అయ్యాక నన్ను కూడా గ్యారేజీకి తీసుకెళ్ళేవాడు. ఆ గ్రీజు వాసన నాకు పండగలా ఉండేది.

ఆ ఏడు చలికాలంలో సఖీర్ ఎడారిలో గుడారాలు వేసుకుని గడపడానికి కఫీల్ ఒక పాత క్యారవాన్ కొన్నాడు. లాక్కెళ్ళే ఇల్లు అది. ఒకచోట నిలిపి మీట నొక్కితే, పక్క గోడ మంచంతో సహా సొరుగులా బయటికి జరిగేది. మా నాన్న అది చూసి, “ఇల్లు నాలిక బయటపెట్టినట్టుందన్నయ్యా” అని నవ్వాడు. ఆ గోడ చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండకు పెళుసెక్కి, ముట్టుకుంటే అప్పడంలా విరిగేది. పాత యజమాని చిరుగుల మీద తెల్లటి జిగురు పూసి కప్పేశాడు. పెదనాన్న ఆ జిగురంతా గీకి పారేసి చుట్టూ కొత్త రబ్బరు వేశాడు. ఒక్క కింది మూలలో మాత్రం రెండు ముక్కలు అతకాల్సి వచ్చింది. ఆ అతుకు బయటినుంచి ఇనుప పట్టా చాటున, లోపలినుంచి మంచం కింద ఉండేది.

ఆ మంచం కఫీల్ తల్లి కోసం. గుడారంలో నేల మీద పడుకుంటే ఆవిడ లేవలేదు. ఒకరోజు కర్ర పట్టుకుని వచ్చి, మంచం మీద కూర్చుని, చిన్నపిల్లలా రెండుసార్లు ఊగి చూసుకుంది. నా గుప్పిట్లో ఖర్జూరాలు పోసింది.

పనంతా అయ్యాక పెదనాన్న కిటికీలకు దుప్పట్లు కట్టి నన్ను లోపల కూర్చోబెట్టాడు.

“ఒరేయ్ అబ్బాయ్, సూది మొనంత వెలుగు కనపడినా అక్కడ వేలు పెట్టి గోడ తట్టు. బయట నేను సుద్దతో గుర్తు పెడతా.”

“భయమేస్తేనో?”

“పాట పాడుకో. ఫెలోషిప్‌లో గొంతు చించుకుంటావుగా!”

తలుపు మూసుకుంది. లోపల ఉక్క, తడిసి ఆరిన చెక్క వాసన. కాసేపటికి పై మూలలో చిన్న వెలుగు కనిపించింది. మంచమెక్కి, వేలు పెట్టి తట్టాను. బయట పెదనాన్న, “శభాష్! ఇంకేమైనా ఉందా?” అన్నాడు.

ఉంది. మంచం కింద, చివరి మూలలో, దారప్పోగులాంటి వెలుగు. అక్కడ వేలు పెట్టాలంటే ఆ చీకట్లోకి పాకాలి. వంగి చూస్తుండగా ఆ మూలలోనే ఏదో గీరుకుంటూ కదిలింది. నేను గబుక్కున వెనక్కి జరిగి, పెద్దవాళ్ళలాగా గొంతు పెంచి, “లేదు పెదనాన్నా, ఖలాస్!” అన్నాను.

తలుపు తీసి ఆయన నవ్వాడు. పై మూలలో రబ్బరును కావాలని తనే మడిచి పెట్టాడట, నా కళ్ళు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి. “పాసయ్యావురా” అని ఆ మడత సరిచేసి, దారిలో నాకు మామిడి జ్యూస్ కొనిపెట్టాడు. చెప్పడానికి దారంతా సమయం ఉంది. నేను జ్యూస్ తాగాను.

క్యారవాన్ సఖీర్ వెళ్ళిపోయింది. తర్వాతి శుక్రవారం ప్రార్థన మధ్యలో ఆకాశం మసకబారి చినుకులు మొదలయ్యాయి. ఇక్కడ వాన అంటే ఎంత అపురూపమో! పెద్దవాళ్ళు స్తోత్రం చెబుతూ కిటికీల దగ్గరికి వెళ్ళారు. మా అమ్మ చెయ్యి చాపి తడుపుకుంది. నాకు మాత్రం ఆ దారప్పోగు కనిపించింది. ఆ చలికాలం వానలు మామూలు కంటే ఎక్కువ పడ్డాయి. పడ్డ ప్రతిసారీ నేను పెదనాన్న ముఖం వైపు చూసేవాణ్ణి. ఆయన నిశ్చింతగా గోధుమ రొట్టె టీలో ముంచుకునేవాడు. ఆ నిశ్చింతకు ఆధారం నా మాట.

మంచం కింద నీళ్ళు తివాచీ అడుగునే నిలిచి, నేల చెక్కను లోలోపల తినేశాయి. పైకి ఏమీ కనపడలేదు. ఒక ఉదయం ఆవిడ మంచం దిగుతూ పాదం మోపితే నేల విరిగి, కాలు మోకాలి దాకా దిగబడిపోయింది. ఎముక విరిగింది. ఆ తర్వాత ఆవిడ నడవలేదు.

క్యారవాన్‌ను గ్యారేజీకి లాక్కొచ్చారు. పెదనాన్న నన్ను పిలిపించి, మళ్ళీ దుప్పట్లు కట్టి, ఈసారి తనూ నా పక్కన కూర్చున్నాడు. కింది మూలలో వెలుగు ఇప్పుడు వేలెడు వెడల్పుంది.

“అప్పుడు కూడా కనపడిందా?”

నేను వంగి ఆ వెలుగు మీద వేలు పెట్టాను. చీకట్లో ఆయన ఊపిరి వినిపించింది. కిటికీ దుప్పటి విప్పి, “సరే, పద” అన్నాడు.

బయట కఫీల్ నిలబడి ఉన్నాడు. లోపల ఎవరు పరీక్షించారని హిందీలో అడిగాడు. పెదనాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. “నేనే చూశాను” అన్నాడు. కఫీల్ అరవలేదు. తల్లి కూర్చున్న మంచం వైపు ఒకసారి చూసి, “ఖలాస్” అన్నాడు. నేనన్న మాటే. దాంతో పెదనాన్న ఉద్యోగం, వీసా రెండూ పోయాయి.

విమానాశ్రయంలో మా నాన్న కోపంతో పక్కకు తిరిగి నిలబడ్డాడు. పెదనాన్న నా ముందు గొంతుకూర్చుని చొక్కా బొత్తాం సరిచేశాడు. “నేను దాచిన మడత కనిపెట్టావు కదాని నీ మాటంతా నమ్మేశాను. ఆ తప్పు నాది. నీకు ఒక్కటే చెబుతా. ఇంకేమైనా ఉందా అని ఎవరైనా అడిగితే తొందరపడి ఖలాస్ అనకు.” నా పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో మళ్ళీ ఆయనకు బండ్ల పని ఎవరూ ఇవ్వలేదు. చివరి దాకా ఏ ఉత్తరంలోనూ నన్ను ఆ సంగతి అడగలేదు.

నేనింకా ఇక్కడే ఉన్నాను. మనామాలో చిన్న ఆఫీసు నాది. పని ముగించేటప్పుడు ఎవరైనా “అంతేనా?” అంటే, నేను వెంటనే జవాబివ్వలేను. కాస్త మందమని అనుకుంటారు. ఆ కాసేపూ నేను మంచం కింద వెతుకుతుంటాను.

నిజం రాసేస్తే ఆ వెలుగు ఆరిపోతుందనుకున్నాను. ఇంతదాకా రాసి కళ్ళు మూసుకున్నాను. కింది మూలలో అలాగే ఉంది.