ఆలస్యంగా వచ్చిన నొప్పులు

శ్రీదుర్గ రామచంద్రపురంలో జాకెట్లు కుట్టేది. బాగా లావుగా ఉండేది. చిన్నప్పటి నుంచి ఊళ్లో అందరికీ ఆమె పేరుకన్నా ముందు ఒళ్లే గుర్తొచ్చేది. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఆశ వదులుకున్నాక, 2003లో నెల తప్పింది. "ఇక ఎవరేమనుకున్నా నాకు పట్టదండి" అంది భర్త సత్యప్రసాద్‌తో.

నెలలు నిండాయి. బీపీ పెరిగింది గానీ నొప్పులు రాలేదు. కాకినాడలో ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు.

"నొప్పులు రావడానికి మందు పెట్టాలమ్మా" అంది డాక్టర్ నాగశ్రీ. "జెల్ ఉంది, మాత్ర ఉంది. మాత్రతో నొప్పులు మరీ ఎక్కువైతే బిడ్డ తట్టుకోలేకపోవచ్చు. జెల్‌తో మొదలుపెడదాం."

"నాలాంటిదానికి ఏది మంచిదండీ?"

"బరువున్నవాళ్లకి ఏదైనా కాస్త ఆలస్యమే. ఏది మేలో గట్టిగా చెప్పలేను."

పక్క మంచం మీది సన్నపాటి అమ్మాయికీ అదే జెల్ పెట్టారు. సాయంత్రానికల్లా ఆమె ప్రసవించింది. శ్రీదుర్గకు నడుము లాగడం తప్ప ఏమీ జరగలేదు. మర్నాడు మళ్లీ జెల్, ఆ తర్వాత మాత్ర, చివరికి సెలైన్‌లో మందు.

"ఒళ్లు తగ్గించుకోవే అంటే విన్నావా?" అంది అత్తగారు పెద్దింట్లమ్మ, తలుపు దగ్గర నిలబడి. శ్రీదుర్గ గోడవైపు తిరిగి పడుకుంది.

నొప్పులొచ్చాయి. వచ్చాక తెరిపివ్వలేదు. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. వెన్నులో మత్తు సూదికి చోటు దొరకడానికే చాలాసేపు పట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు.

ఇంటికొచ్చాక కుట్లు చీముపట్టాయి. పాలొచ్చి జాకెట్టు తడిసిపోయేది. చూడ్డానికొచ్చినవాళ్లు పాప మాట తప్పించి, బరువు మాటే ఎత్తేవారు.

కట్టు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు శ్రీదుర్గ అడిగింది. "ముందే మాత్ర ఇచ్చుంటే బతికేదాండీ?"

నాగశ్రీ కట్టు కట్టడం ముగించింది. "తెలీదమ్మా. నేనూ అదే ఆలోచిస్తున్నాను. నీ తప్పు మాత్రం కాదు."

బయట బెంచీ మీద అత్తగారు కూర్చునుంది. ఆ మాట ఆవిడకు కూడా చెప్పమని అడుగుదామనుకుంది శ్రీదుర్గ. అడగకుండానే బయటికొచ్చేసింది.

రెండేళ్లకు, వాళ్ల వీధిలోనే ఉండే భవ్య అదే నర్సింగ్‌హోమ్‌లో చేరింది. ఆమెదీ భారీ ఒళ్లే. "మీరుంటే ధైర్యంగా ఉంటుందక్కా" అంటే శ్రీదుర్గ కాదనలేకపోయింది. మందు పెట్టినప్పటి నుంచి మంచం పక్కనే కూర్చుని నడుము రాసింది. "ఆలస్యమైతే కంగారుపడకు. కాన్పయ్యేదాకా ఇక్కడే ఉంటాను" అంది.

మర్నాడు పొద్దున బాబు పుట్టాడు, గట్టిగా ఏడుస్తూ. భవ్య వాళ్లమ్మ గుడ్డలో చుట్టి తెచ్చింది. "ముందు నువ్వెత్తుకోమ్మా."

"చేతులు కడుక్కునొస్తానండి" అంది శ్రీదుర్గ. కిందికి దిగి, ఆటో ఎక్కి, బస్టాండ్‌లో రామచంద్రపురం బస్సు కోసం నిలబడింది.