ఎక్స్ వై జెడ్ రాసిన ఉత్తరం

మొన్న ఆదివారం పొద్దున మా వరసలో చివరి క్వార్టర్‌లో ఉండే పిల్ల ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పదో తరగతి చదువుతోంది. "దీదీ, ఒక్కసారి చూసి పెట్టవా" అని కాగితం నా చేతిలో పెట్టి, తను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి గోడకున్న కేలెండరు చూడసాగింది. సిగ్గరి పిల్లలు చూపు ఎక్కడ దాచుకుంటారో నాకు బాగా తెలుసు. పరాయి ఇంట్లో కేలెండరును మించిన చోటు లేదు. కాగితం మీద వీధి దీపాలు వెలగడం లేదని కార్పొరేషన్‌కు రాసిన ఇంగ్లీషు ఉత్తరం ఉంది. కింద, సంతకం ఉండాల్సిన చోట, ఎక్స్, వై, జెడ్ అని మూడు అక్షరాలు. నాకు నవ్వొచ్చింది. పిల్ల కంగారు పడి "తప్పా?" అంది. "తప్పు కాదులే. ఈ మనిషి నాకు పాత పరిచయం" అన్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పరీక్షలో ఉత్తరం కింద సొంత పేరు రాయకూడదని మాకు నేర్పేవారు. దిద్దేవాళ్లకు మనమెవరో తెలియకూడదట. అందుకని ప్రతి ఏడూ ఈ బెంగాలీ ఊళ్లో ఎన్నో వేలమంది పిల్లలు ఒకే పేరుతో కార్పొరేషన్‌కు మొర పెట్టుకుంటారు. ఆ పేరు నాకు భలే నచ్చేది. క్లాసులో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనడానికే గొంతు పెగలని దాన్ని, పేరు దాచుకోమని స్కూలువాళ్లే చెబుతుంటే ఎందుకు నచ్చదు?

తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో నేను ఫెయిలయ్యాను. మిగతా వాటిలో నెగ్గుకొచ్చాను కాబట్టి పైతరగతికి పంపారు గాని, మా ఇంగ్లీషు టీచరు నన్ను పక్కకు పిలిచి, పదో తరగతి టెస్ట్‌లో కూడా ఇలాగే అయితే మాధ్యమిక్ అనే ఫైనల్ బోర్డు పరీక్షకు నీ పేరు పంపేది లేదని స్పష్టంగా చెప్పింది. అంటే ఒక సంవత్సరం పోయినట్టే. మా ఖిదిర్‌పూర్ క్వార్టర్లలో అలా సంవత్సరం పోగొట్టుకున్న ఆడపిల్లలు నాకు ముగ్గురు తెలుసు. ఆ ముగ్గురూ మళ్లీ బడి గేటు దాటలేదు. చదువు మానమని ఇంట్లో ఎవరూ అనలేదు, బడికి బదులు ఇంటిపని అని రొటీన్ మారిపోయిందంతే. నాకు ఆ రొటీన్ అంటేనే భయం. ఎందుకంటే నాకు మనుషులతో కుదరకపోయినా పుస్తకాలతో కుదిరేది. బడి పోతే బడిలో ఉన్న గాజు తలుపుల పుస్తకాల బీరువా కూడా పోతుంది.

నాన్న నన్ను ట్యూషన్‌లో వేశాడు. ఆ సార్ రిటైరైన బెంగాలీ పెద్దాయన. కింద దర్జీ దుకాణం, పైన ఆయన గది. కింద నాలుగు కుట్టుమిషన్లు పరుగెడుతుంటే పైన మేము ఇరవైమందిమి చాపల మీద కూర్చుని పేరాగ్రాఫులు వల్లెవేసేవాళ్లం. గదిలో ఎప్పుడూ మరమరాల్లో కలిపిన ఆవనూనె వాసన. సార్ దగ్గర ఇటుకంత టెస్ట్ పేపర్ల పుస్తకం ఉండేది, దానితో పాటు ఆయన సొంత 'సజెషన్' ఉండేది. ఈ ఏడు పరీక్షలో ఏం రావచ్చో ఊహించి ఇచ్చే జాబితా అది. ఒక నక్షత్రం పెడితే రావచ్చు, రెండు పెడితే తప్పక వస్తుంది, మూడు పెడితే ఇక దేవుడు కూడా ఆపలేడు. పరీక్షలో అదే వస్తే పిల్లలు 'కామన్ పడింది' అని ఎగిరేవాళ్లు. ఆ ఏడు ఉత్తరాల్లో వీధి దీపాలకు మూడు నక్షత్రాలు పడ్డాయి.

ఇంట్లో నా చదువు మా మామ్మ మంచం పక్కన సాగేది. మా నాన్న తల్లి ఆవిడ. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయిన మరుసటేడు ఈ ఊరొచ్చి, ముప్పై ఏళ్లపైన కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైంది. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అయినా నా ఇంగ్లీషు చదువుకు ఆవిడే ఇన్‌స్పెక్టరు. పాఠం కాని కొత్త పేరా ఒకటిచ్చి కింద ప్రశ్నలడుగుతారే, అలాంటి పేరాలు రోజుకొకటి గట్టిగా చదవమనేది. నేను గొంతులో గొణిగితే "ఆ గోడ మీద సీమకి సెప్తన్నావేటి? నాకు సదువు" అనేది. చదువుతుంటే కళ్లు మూసుకుని వక్క కొరుకుతూ వినేది. మధ్యలో హఠాత్తుగా "మల్లీ సదువు" అనేది. అర్థం కాకుండా చదివిన వాక్యం దగ్గరే ఆ మాట అనేది, ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఎలా తెలుస్తుందని అడిగితే "తెలిసి సదివితే నీ ఊపిరి కిందకి దిగి ఆగతాది. తెలీకపోతే గోడెక్కిన మేకలాగ పైనే నిలబడిపోతాది" అంది. ఆ రాత్రి డైరీలో ఈ మాట ఒక్కటే రాసుకున్నాను.

చదవడం అయ్యాక "ఇంతకీ ఏటి జరిగింది?" అని అడిగేది. నేను తెలుగులో చెప్పాలి. ఒకసారి పడవవాడి కథ వచ్చింది. వరదలో పక్క ఊరివాళ్లను దాటిస్తూ దాటిస్తూ చివరి ట్రిప్పుకి ఒంటరిగా బయల్దేరతాడు. అక్కడితో పేరా అయిపోయి ప్రశ్నలు మొదలవుతాయి. మామ్మ లేచి కూర్చుంది. "మరి ఆడు ఒడ్డుకొచ్చినాడా?" పుస్తకంలో అంతే ఉందన్నాను. "సగంలో ఒగ్గీసినారేటి? ఆడి పెళ్లాం ఎదురు సూత్తాది గదా" అని ఆ పూటంతా పుస్తకం అచ్చేసినవాళ్లను తిడుతూనే ఉంది. ఆవిడ పోరు పడలేక డైరీలో నేనే ఆ పడవను ఒడ్డుకు చేర్చి వినిపించాను. అలా ఆ ఏడు పరీక్షల వాళ్లు నడిదారిలో వదిలేసిన వాళ్లందరినీ ఇళ్లకు చేర్చే పని నా మీద పడింది. నా డైరీలో నా గురించి కాకుండా వేరే మనుషుల గురించి రాయడం అప్పుడే మొదలైంది.

దుర్గాపూజ సెలవులయ్యాక ఒకరోజు వీధి దీపాల ఉత్తరం బట్టీ పడుతుంటే మామ్మ అడిగింది, రోజూ చదువుతున్న ఇదేమిటని. కార్పొరేషన్‌కు ఉత్తరం అన్నాను, మన వీధిలో దీపాల్లేవని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "దీపాలు బానే ఎలుగుతన్నాయి గదే. కుళాయి గదా పాడయింది?" నిజమే. మా గల్లీ మూల కుళాయి తల విరిగి నెలలు దాటింది. నీళ్లు వదిలినంతసేపూ సగం నేలపాలు. ఆ బురదలో మామ్మ రెండుసార్లు జారింది కూడా. పరీక్షకు కుళాయి రాదు మామ్మా, సార్ దీపాలకే మూడు నక్షత్రాలిచ్చారు అంటే, "నచ్చత్రాలు పైనుంటాయి, నీల్లు కింద పోతన్నాయి. కుళాయి గురించి రాయి" అంది. ఎలా రాయాలో కూడా చెప్పింది. ముప్పై ఏళ్లు ఆఫీసుల్లో మొర పెట్టుకున్న మనిషి. "ముందు సోటు సెప్పు. ఏ గల్లీ, ఏ గోడ పక్కన. తర్వాత ఎన్నాల్ల నుంచో సెప్పు. ఏడుపు ఆకర్ని ఎట్టుకో. ముందే ఏడిస్తే బాబులు కాయితం పక్కనెట్టీస్తారు."

అంతవరకు ఇంగ్లీషులో నేను సొంతంగా ఒక్క వాక్యం రాసి ఎరగను. ఎర్ర గోడ, పాల డిపో, తెల్లారగానే బారు తీరే బాల్టీలు, అన్నింటికీ మాటలు వెతుక్కుంటూ రెండు రోజులు రాసి, కింద మామూలుగా ఎక్స్ వై జెడ్ పెట్టాను. ట్యూషన్‌లో చూపిస్తే సార్ ఎర్ర సిరాతో ఐదారు చోట్ల దిద్ది, పదికి ఆరు వేసి, కింద తన సంతకం గీశారు. "బాగుందమ్మా, కానీ కుళాయి రాదు. దీపాలు నేర్చుకో" అన్నారు మెల్లగా. కాగితం తెచ్చి మంచం మీద పడేసి మళ్లీ దీపాల్లో పడ్డాను.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి కాగితం లేదు. మామ్మా లేదు. గంట తర్వాత ఆవిడే వచ్చింది, చెప్పులు విడుస్తూ. "ఒలే, నిన్ను ఆపీసుకి రమ్మంతన్నారు." ఏ ఆఫీసు అన్నాను. వార్డు ఆఫీసట. కుళాయి ఉత్తరం ఇచ్చేసి వచ్చిందట. అది ప్రాక్టీసు ఉత్తరం మామ్మా, మార్కులు కూడా ఉన్నాయి అని ఏడుపు గొంతుతో అన్నాను. ఆవిడకు నా బాధ అర్థమే కాలేదు. "ఎర్ర సిరా పడింది గదే? ఎర్ర సిరా పడితే పైనున్నోడు సూసి సరేనన్నట్టే గదా." ఆవిడ నౌకరీ చేసిన అన్నేళ్లూ హాజరు పుస్తకంలో ఎర్ర సిరా సంతకం పెద్ద బాబుదే. అది పడితేనే ఆ రోజు పని చేసినట్టు లెక్క. మా ట్యూషన్ సార్‌ని ఆవిడ కార్పొరేషన్‌లో పెద్ద ఉద్యోగంలో పెట్టేసిందన్న మాట. "మరి ఆ ఎక్స్ వై జెడ్ ఎవులని అడిగినారు. మా మనవరాలన్నాను. తీసుకొచ్చీమన్నారు. పద."

వార్డు ఆఫీసులో మూడు బల్లలు, తాళ్లతో కట్టిన ఫైళ్లు. చలి ఇంకా ఊరి పొలిమేర కూడా దాటలేదు గాని అక్కడి గుమాస్తా బాబు అప్పుడే మంకీ క్యాప్ పెట్టేసుకున్నాడు. మట్టి కప్పులో టీ తాగుతూ నన్ను చూసి, మామ్మను పిన్నీ అని పిలుస్తూ, "మాషీ, ఎక్స్ వై జెడ్ ఈ అమ్మాయేనా?" అన్నాడు బెంగాలీలో. పక్క బల్లల వాళ్లు నవ్వారు. నేను గోడకున్న కేలెండరు చూశాను. "నువ్వే రాశావా, ఎవరైనా రాసిచ్చారా? ఏదీ, చదువు" అని కాగితం నా ముందుకు తోశాడు. చదవబోయి మొదటి వాక్యంలోనే గొణుగుడులోకి దిగిపోయాను. వెనక నుంచి మామ్మ, ఇంట్లో మంచం మీద ఉన్నట్టే, "మల్లీ సదువు" అంది.

మళ్లీ చదివాను. ఆఫీసును మరిచిపోయి మామ్మకు చదివినట్టే చదివాను. నేను రాసిన వాక్యాలే కదా, ఊపిరి వాటంతటదే దిగాల్సిన చోట దిగింది. పాల డిపో దగ్గరికొచ్చేసరికి బాబు టీ కప్పు కింద పెట్టాడు. అంతా అయ్యాక ఎర్ర అంకె మీద వేలు పెట్టి, "ఆరేనా? నేనైతే ఎనిమిది వేసేవాణ్ణి" అన్నాడు. తర్వాత తెల్లకాగితం ఇచ్చాడు. "శుభ్రంగా తిరగరాయి. కింద అసలు పేరు పెట్టు. ఎక్స్ వై జెడ్‌కి నేను నీళ్లివ్వలేను."

ఆ బల్ల మూల నిలబడే తిరగరాశాను. చివరికొచ్చి కలం ఆగింది. ఆ కాగితం ఎవరెవరి చేతుల్లోకో పోతుంది, ఎవరెవరో నా పేరు చదువుతారు. మామ్మ కాసేపు చూసి, గొంతు తగ్గించి అంది. "నాకు రాదు గనక జీవితమంతా ఏలిముద్దరేసినాను. రాయడం వచ్చినోలు కూడా పేరు దాసుకుంతారేటే?"

రాశాను. ఇంటిపేరుతో సహా. రాశాక ఆవిడ "నాదీ ఒకటి ఎయ్యనీ, రెండుసార్లు పడింది నాను గదా" అంటే, బాబు నవ్వుతూ సిరా పెట్టె మూత తీశాడు. నా పేరు కింద మామ్మ బొటనవేలు పడింది.

వారం తిరక్కుండా మనిషొచ్చి కొత్త కుళాయి బిగించి వెళ్లాడు. మామ్మ పక్కన నిలబడి, తనే పది సార్లు తిప్పి కట్టి చూపించింది. చాలాకాలం మా వరసలో దానికి 'సదువుల గుంట కుళాయి' అనే పేరు, గుంటంటే మావైపు ఆడపిల్ల. నేను తల వంచుకుని ఆ దారిన పోయేదాన్ని, కానీ లోలోపల ఆ పేరు వినడానికే ఆ దారిన పోయేదాన్ని.

టెస్ట్‌లో వీధి దీపాలు రాలేదు. బడి పక్క డ్రెయిన్ పూడిపోయిందని రాయమన్నారు. హాలంతా నిట్టూర్చిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. నేను మాత్రం ముందు చోటు చెప్పాను, తర్వాత ఎన్నాళ్ల నుంచో చెప్పాను, ఏడుపు ఆఖర్న పెట్టుకున్నాను. సంతకం దగ్గర అలవాటు తప్పి నా పేరులో మొదటి అక్షరం రాసేసి, కొట్టేసి, ఎక్స్ వై జెడ్ అని పెట్టాను. మొదటిసారి ఆ పేరు నాకు ఇరుకనిపించింది. మార్కులు గొప్పగా రాలేదు గాని గట్టెక్కాను. మాధ్యమిక్‌కు వెళ్లిన పేర్లలో నా పేరుంది. అది జరిగి పన్నెండేళ్లయింది. ఇప్పుడొక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటున్నాను. గాజు తలుపుల బీరువాల తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయి.

"మీ వీధిలో ఏ దీపం వెలగడం లేదు?" అని ఆదివారం ఆ పిల్లను అడిగాను. తెల్లబోయింది. "అది సార్ రాయించింది దీదీ. అన్నీ వెలుగుతున్నాయి." మళ్లీ తనే, "మా మెట్ల దగ్గరది ఒక్కటే..." అంది. లోపలి మంచం మీద నుంచి మామ్మ మమ్మల్నే చూస్తోంది. ఇప్పుడావిడకు చెవులు సరిగా వినపడవు. అయినా ఆ పిల్లను అక్కడి నుంచే చదవమంది. నేను కాగితం తిరిగిచ్చాక పిల్ల గుమ్మంలోనే నిలబడి గుసగుసగా చదువుతుంటే దాని గొంతు మీద, భుజాల మీద చూపు నిలిపి, రెండో వాక్యం కాగానే "మల్లీ సదువు" అంది. నేను చూశాను, సరిగ్గా అక్కడే ఆ పిల్ల ఊపిరి పైన నిలబడిపోయింది, చూపు మళ్లీ కేలెండరు మీదికి పోయింది.

కూర్చోమని నా పక్క కుర్చీ లాగాను. పిల్ల కేలెండరు మీంచి చూపు తీసి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. గుమ్మం నుంచి ఆ కుర్చీకి నాలుగడుగులే. నాకు మాత్రం ఆ దూరం నడవడానికి పన్నెండేళ్లు పట్టింది.