థర్మామీటరు జరిపిన మేజరు

ఉన్న వేడిని ఉన్నట్టు కొలిచినందుకు ఒక అధికారిని శిక్షించారు. వేడిని మాత్రం ఉన్నచోటనే ఉంచారు. దానికి మూడు వందల గజాల దూరంలో అరవై రెండు కుటుంబాలు నేటికీ కాపురం చేస్తున్నాయి.

ఆ అధికారి ఇరవై ఆరేళ్లు సైన్యంలో పనిచేసిన మేజరు. దర్జీ కొడుకు. తండ్రి దగ్గర అబ్బిన అలవాటో ఏమో, దేన్నీ ఒకసారి కొలిచి ఊరుకోడు. సిపాయిలు చాటుగా ‘టేపు సారు’ అనేవారు. రెండుసార్లు యుద్ధరంగానికి వెళ్లివచ్చాడు. అక్కడి భయం తన ఒక్కడిది. బదిలీ మీద వచ్చిన ఈ మందుగుండు డిపోలో అలా కాదు. భార్య డిపో బడిలో టీచరు, తొమ్మిదేళ్ల కూతురు అదే బడిలో నాలుగో తరగతి.

నాలుగో షెడ్డులో పాత ఫిరంగి మందు పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆ మందుకు ఒక దుర్గుణం ఉంది. ఏళ్లు గడిచి వేడి తగిలితే అగ్గిపుల్లతో పనిలేకుండా తనలో తానే కాగి, గోధుమరంగు పొగ చిమ్మి అంటుకుంటుంది. అందుకే రోజుకు మూడుసార్లు లోపలి వేడి చూసి, తలుపు పక్కన పలక మీద సుద్దతో రాసి, రిజిస్టరుకు ఎక్కించాలి. నలభై డిగ్రీలు దాటకూడదు. పదకొండేళ్ల రిజిస్టర్లలో ముప్పై ఎనిమిది దాటిన అంకె ఒక్కటీ లేదు.

చేరిన వారంలోనే మేజరు కారణం కనిపెట్టాడు. థర్మామీటరు గుమ్మం పక్కన, గాలి వచ్చే కిటికీ కింద వేలాడుతోంది.

“దీన్ని ఇక్కడెందుకు కట్టారయ్యా?”

“ఎప్పట్నుంచో అక్కడే సార్,” అన్నాడు డిపోలోనే తల నెరిసిన స్టోరుకీపరు. “లోపలికంటా వెళ్తే ఊపిరాడదు. గుమ్మంలో నిలబడి చూసేసుకుంటే పనైపోతుందని పెద్దసారెవరో కట్టించారు.”

“ఊపిరాడని చోట మందు, గాలాడే చోట థర్మామీటరా?”

“మందు నోరు తెరిచి అడగదు గద సార్!”

మేజరు దాన్ని వెనక గోడకు, రేకుల కప్పు కిందికి మార్పించాడు. మధ్యాహ్నం రెండున్నరకు చూస్తే నలభై తొమ్మిది. మరొకటి తెప్పించి చూశాడు. అదీ నలభై తొమ్మిదే.

ఆ నెలలో డిపో అధిపతి కమాండెంటుకు మూడు ఉత్తరాలు రాశాడు. మందు తరలించండి, అంతవరకు క్వార్టర్లు ఖాళీ చేయించండి అని. మూడింటికీ ఒకటే జవాబు: ‘విషయము పరిశీలనలో ఉన్నది.’ కప్పు మీద గోనెసంచులు పరిపించి నీళ్లు చల్లించాడు. నాలుగు డిగ్రీలు తగ్గింది. నాలుగే.

“బదిలీ సామానుతో ఎండని కూడా కట్టుకొచ్చారటగా!” అన్నాడు మెస్సులో డాక్టరు. అందరూ నవ్వారు. మేజరూ నవ్వాడు గాని, కన్ను కిటికీలోంచి షెడ్డు మీదే ఉంది.

కూతురికి ఒక ఆట నేర్పాడు. చప్పట్లు వినగానే దగ్గర్లోని ఎండిన కాలవలో బోర్లా పడుకోవాలి. పేలుడు అదురుకు కర్ణభేరి పగలకుండా చెవులు మూసుకోవాలి, నోరు తెరవాలి.

“నోట్లో ఈగలు దూరితే నాన్నా?”

“దూరనీ.”

“దాన్నలా బెదరగొట్టకండి,” అంది భార్య. “బడిలో ఎవరు చప్పట్లు కొట్టినా ధబీమని పడుకుంటోంది. ఏవండీ, నిజం చెప్పండి. అంత ప్రమాదముందా?”

“ఉంది.”

ఆమె చేతిలోని తువ్వాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. “అయితే మనపిల్ల ఒక్కదానికే నేర్పితే ఎలా? క్లాసులన్నిటికీ నేర్పుతాను.”

ఎండలు ముదిరి, బడికి ఇంకా సెలవులివ్వని రోజుల్లో ఒక మధ్యాహ్నం స్టోరుకీపరు వచ్చాడు. మందు దగ్గర పనిచేసేవాళ్లు పరుగెత్తకూడదు. నడిచే వచ్చాడు.

“వెనక వరసలో వాసన సార్. కళ్లు మండిపోతున్నాయి.”

ఒక పెట్టె మూత సందులోంచి గోధుమరంగు పొగ దారంలా సాగుతోంది. కమాండెంటు సంతకం లేనిదే హెచ్చరిక సైరను మోగించరాదు. కమాండెంటు ఊళ్లో లేడు. ఫోను తీసిన గుమాస్తా, “సార్ వచ్చేదాకా ఆగండి,” అన్నాడు. మేజరు ఆగలేదు. మోగించాడు.

వంటింట్లో గరిటెలు వంటింట్లోనే వదిలి జనం క్వార్టర్ల వెనక గుట్ట అవతలికి పరుగు తీశారు. బడిపిల్లల వరసలో కూతురు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లడం చూసి ఆయన షెడ్డువైపు తిరిగాడు. తడి కంబళ్లు కప్పి, స్టోరుకీపరుతో కలిసి పదకొండు పెట్టెలు ఒక్కొక్కటే మోసి నీటిగోతిలో దింపాడు.

“పట్టు జారితే ఇద్దరికీ పింఛను కాగితాల తిప్పలుండవు సార్,” అన్నాడు స్టోరుకీపరు.

ఏదీ పేలలేదు. పేలకపోవడమే ఆయన నేరమైంది.

విచారణకు ముగ్గురు అధికారులు కూర్చున్నారు.

“మీరు రాకముందు పదకొండేళ్లూ ముప్పై ఎనిమిది దాటలేదు. మీరొచ్చిన వారానికే నలభై తొమ్మిది. ఏమంటారు?”

“థర్మామీటరు జరిపాను సార్.”

“ఎవరి ఉత్తర్వు మీద?”

నివేదిక ఏడో పేజీ, మూడో పేరా: ‘సదరు అధికారి బాధ్యతలు స్వీకరించిన పిదపనే ఉష్ణోగ్రత పెరిగినట్లు రికార్డులు రుజువు చేయుచున్నవి.’ ఎనిమిదో పేజీలో, పెట్టెలను నీట ముంచి సాక్ష్యాన్ని నాశనం చేశాడని ఉంది. పరుగులో ఒక ముసలమ్మ మణికట్టు విరిగిందనీ ఉంది. అది నిజమే. మేజరు ఆమెను చూడబోతే, “చెయ్యి అతుక్కుంటుందిలే నాయనా. తలకాయైతే అతుక్కునేదా?” అంది. ఆ మాట నివేదికలో ఎక్కడా లేదు.

పదోన్నతి ఆపి, ఆయన్ను దూరాన బూట్లు, దుప్పట్ల గిడ్డంగికి పంపారు. అక్కడ ఇల్లు ఖాళీ లేదన్నారు. భార్యా కూతురూ డిపోలోనే ఉండిపోయారు. థర్మామీటరు మళ్లీ గుమ్మం పక్కకు చేరిందనీ, తనిఖీకి అందంగా లేవని గోనెసంచులు తీయించారనీ, మిగిలిన పెట్టెలు కదల్లేదనీ స్టోరుకీపరు రాశాడు.

రోజూ రెండున్నరకు మేజరు బడికి ఫోను చేస్తాడు. “ఉన్నాం,” అంటుంది భార్య. అంతే. మొన్న ఏడుసార్లు చేసినా ఎవరూ తీయలేదు. గిడ్డంగి గుమాస్తా ఇచ్చిన మంచినీళ్లు బల్ల మీదే ఉండిపోయాయి. ఎనిమిదోసారి ఆమె గొంతు వినిపించింది. “లైను పాడైందండి. ఉన్నాం.” అప్పుడు ఆయన ఆ నీళ్లు తాగాడు.

కమాండెంటు గారూ, నివేదికపై సంతకాలు చేసిన ముగ్గురు అధికారులారా! ఆయన పదోన్నతి సంగతి తరువాత చూడండి. ముందు ఆ అరవై రెండు కుటుంబాలను గుట్ట అవతలికి మార్చండి. నాలుగో షెడ్డులోని మందును వచ్చే ఎండాకాలం లోపల తీయించండి. ఏ తేదీకల్లా ఈ రెండు పనులూ చేస్తారో మీ సంతకాలతో రాసి ఇవ్వండి.