సంగటి కట్టెల మ్యూజియం

ఊరు ఊరంతటినీ ఒక ఆదివారం మధ్యాహ్నం పస్తు పెట్టినంత పని చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ ముక్కలు రాస్తున్నవాణ్ణి చూడండి, చాలు.

మాది బేతమంగళ దగ్గర చిన్న పల్లె. మా తాత బంగారు గనుల్లో పనిచేసి, అవి మూతపడ్డాక ఊరు చేరాడు. ఇళ్లలోని పాత సామాన్లు ఒక్కొక్కటే పాత ఇనుము వాడి బండెక్కుతుంటే నాకు గుండె తరుక్కుపోయేది. ఇవన్నీ పోతే మా పెద్దవాళ్లు ఎలా బతికారో రేపు చెప్పేదెవరు? అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, పనేమీ లేక, జ్ఞానం మాత్రం పొంగిపొర్లుతూ ఉన్నాను. ఖాళీగా పడున్న పాల సొసైటీ గదిలో మ్యూజియం పెట్టాలని తీర్మానించుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఇంటింటికీ తిరిగి, అన్నిటికన్నా పాత వస్తువు ఇమ్మన్నాను. ఎదురింటి మునెమ్మవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం చేస్తావప్పా?"

"నలుగురికీ చూపించల్లవ్వా."

"చూపించి తెచ్చిచ్చేస్తావు కదా, తీసకపో," అని సంగటి గెలికే కట్టె చేతిలో పెట్టింది.

ఆ మాటలో మొదటి సగం నా చెవికెక్కి ఉంటే ఈ కథే లేదు. అలా కట్టెలు, చేటలు, కత్తిపీటలు పోగేసి, అన్నిటికీ చీటీలు అంటించాను. తాత తన గని దీపం తనే తెచ్చుకుని, ఎవరైనా అడిగితే చెబుదామని దాని పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. ఏళ్లుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, నాతో సహా.

మధ్యాహ్నమయ్యేసరికి ఆడవాళ్లంతా గుంపుగా వచ్చారు. చరిత్ర మీద ఇంత మమకారమా అని నా కళ్లు చెమర్చాయి. రిబ్బను కత్తిరించమని మునెమ్మవ్వకు కత్తెర అందించాను.

"కత్తెర నాకెందుకప్పా, నా కట్టె ఇయ్యి. పొయ్యి మింద ఎసరు కాగతా ఉండాది."

"అది మ్యూజియంది కదవ్వా ఇప్పుడు."

"దాని మింద ఏమో రాసినావే, ఏమది?"

"పూర్వకాలంలో సంగటి గెలికిన కట్టె అని."

"పూర్వకాలమేంది? నిన్న రాత్రే గెలికినాను."

"ఇంగ నా కత్తిపీటకి తద్దినం కూడా పెట్టేసినాడేమో చూడక్కా," అని వెనకనుంచి ఇంకొకామె.

తలా ఒకటి లాక్కున్నారు. మునెమ్మవ్వ మాత్రం కట్టెను కొంగుతో తుడుస్తూ ఆగింది.

"ఇది మా అత్తది. గనుల కాడ ఆండర్సన్‌పేటలో ఉన్నప్పుడు, మామ షిఫ్టు దిగి రావడం ఆలస్యమైతే దీన్ని చేతిలో పట్టుకోనే వాకిట్లో నిలబడేదంట."

"ఒకసారి పొద్దుగూకినా రాలేదు," అన్నాడు తాత. "ఆ పొద్దు నేనూ ఆయన్తోనే గని లోపల ఉంటిని."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఎసరు సంగతి మరిచి అక్కడే చతికిలబడ్డారు. తాత గొంతు విప్పితే ఇంత పెద్దదని నాకూ ఆ రోజే తెలిసింది. గబగబా ఫోను తీసి రికార్డు చేశాను. అంత సంతోషం నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

చివరికి గదిలో చీటీలూ, తాతా, నేనూ మిగిలాం. అప్పుడొచ్చింది తాత భార్య, మా అవ్వ.

"అందరి సామాన్లూ తిరిగిచ్చేసినావంట కదప్పా. ఈయన్ని కూడా పంపించు. పాతోడే, అయినా మేము ఇంగా వాడతానే ఉండాము."

ఇప్పుడు ఫోను పట్టుకుని నేనే ఇంటింటికీ వెళ్లి, పొయ్యిల పక్కన కూర్చుని ఆ కథలు దాచుకుంటున్నాను. నిండు సభలో ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇంటి ఆడవాళ్ల అనుమతి లేకుండా ఏ వస్తువునీ, ముఖ్యంగా ఏ మొగుణ్ణీ, ఇక ఈ జన్మలో చరిత్రలో కలపను.