నేను లేదన్న ఏడుపు

నలభై ఏళ్ళకు దగ్గరగా అయింది, ఒక మాట అన్నాను. పదిమంది ముందర, తల వంచుకొని, కొత్తకోడలు ఎంత మెల్లగా మాట్లాడాలో అంత మెల్లగా అన్నాను. ఆ తర్వాత దాన్ని మింగలేకపోయినాను, కక్కలేకపోయినాను. గొంతులో ముల్లు ఉండంగానే పిల్లల్ని సాకినాను, పెళ్ళిళ్ళు చేసినాను, మొగుణ్ణి కాటికి సాగనంపినాను. ఇప్పుడు హిందూపురంలో కొడుకింట్లో ఉంటాను. మోకాళ్ళు సహకరించవు గానీ నోరు బాగానే పని చేస్తుంది. ఇన్నేళ్ళూ పని చేసింది. ఆ ఒక్క సంగతి దగ్గరికొస్తేనే మూతపడేది.

ముందుగా ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను రెండు పనులు చేసినాను. మొదటిదానికి నేను సిగ్గుపడను. ఊరు తప్పన్నా, అమ్మవారు తప్పన్నా పడను. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అదే చేస్తాను. దానికి క్షమాపణ కోరుతుందేమో అని చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. రెండోది వేరే. రెండోదాని గురించే ఇదంతా.

మాది రొద్దం దగ్గర, కర్ణాటక పొలిమేరను ఆనుకొని ఉండే పల్లె. సగం మాటలు తెలుగు, సగం కన్నడం. మాఘమాసంలో మా ఊళ్ళో హొరబీడు అని ఒక దినం జరిపేవాళ్ళు. అంటే ఊరంతా ఊరు విడిచిపెట్టి పోవడం. తెల్లవారకముందే ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పి, బూడిద ఎత్తి, మనుషులు, గొడ్లు, గొర్లు, కోళ్ళు, మంచం పట్టిన ముసలోళ్ళతో సహా అందరూ పొలాల్లోకి పోవాలి. వీధి మొగదలలకు తుమ్మకంప అడ్డం వేస్తారు. పొద్దు మునిగేదాకా ఊళ్ళో పురుగు కూడా ఉండకూడదు, ఊరి లోపలా బయటా ఎవరూ నిప్పు ముట్టించకూడదు. ముందురోజు చేసుకున్న సద్ది తిని ఉండాలి. సాయంత్రం మారెమ్మ గుడి దగ్గర పూజారి కొత్త నిప్పు పుట్టిస్తే, తలా ఒక కొరివి తీసుకొని ఇళ్ళకు పోతారు. ఊరికి పట్టిన రోగం, కరువు ఆ ఒక్క రోజు మనుషులు లేక విసుగెత్తి వెళ్ళిపోతాయని నమ్మకం. వినడానికి బాగుంటుంది. చంటిబిడ్డ లేనివాళ్ళకు ఇంకా బాగుంటుంది.

నాకు చంటిబిడ్డ ఉంది. ఇంకా నెల తిరగలేదు. మా అమ్మ చిన్నప్పుడే పోయింది కాబట్టి పుట్టింటికి పోకుండా అత్తగారింట్లోనే కన్నాను. ఆ ఏడు హొరబీడు నాడు మబ్బు పట్టి ఒకటే ఈదురుగాలి. చీకటితోనే మంచు తడిలో నడిచి చింతతోపు చేరినాము. పొద్దెక్కేకొద్దీ బిడ్డ కాళ్ళూ చేతులూ చల్లబడుతూ వచ్చినాయి. పాలు పట్టడం మానేసింది. కాసేపు మూలిగింది, తర్వాత అదీ లేదు. ఏడిస్తే ఊరుకోబెట్టొచ్చు. ఏడవని బిడ్డను ఏం చేయాలి? మా అత్తతో చెప్పినాను. ఇంకో కొంగు కప్పింది. సాయంత్రం దాకా ఓర్చుకోమంది. ఓర్చుకోవాల్సింది నేనా, నా బిడ్డనా? ఇరవై ఏళ్ళు కూడా లేవు నాకు, అయినా ఆ ప్రశ్న అప్పుడే పుట్టింది. పైకి అడగలేదు, అంతే.

చెట్ల చాటుకు పోతున్నట్టు లేచి, బిడ్డను కొంగులో చుట్టుకొని, వంకలోకి దిగినాను. ఆ ఎండిన వాగు మా ఇంటి వెనక దాకా పోతుంది. కంప సందులోంచి దూరితే చేతులు గీరుకుపోయినాయి. ఖాళీ ఊరు ఎట్లుంటుందో మీకెవరికీ తెలియదు. నాకు తెలుసు. భయం వేయలేదా అంటే వేసింది. అమ్మవారు ఎదురొస్తుందేమోనని కాదు, ఆలస్యమైందేమోనని. పొయ్యిలో కంది కట్టె పెట్టి ముట్టించినాను. పాత చీర పీలిక వేడి చేసి బిడ్డ కడుపుకూ అరికాళ్ళకూ కాపడం పెట్టినాను. పెట్టినాను, పెట్టినాను. కాసేపటికి దాని ముఖం ఎర్రబడింది, పిడికిళ్ళు బిగించి కెవ్వుమని ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్వినాను. ఒంటరిగా, ఖాళీ ఊళ్ళో, నిషిద్ధమైన పొయ్యి ముందర కూర్చొని పిచ్చిదానిలా నవ్వినాను. అందుకే చెప్పేది, ఆ పొయ్యికి నేను సిగ్గుపడనని. బిడ్డకు కాస్త వేడి తగిలితే ఓర్చుకోలేని దేవత ఉంటే, ఆమె వచ్చి నన్నే అడగనీ.

కానీ మా మిద్దె కప్పులోని గవాక్షిలోంచి పొగ లేచింది. పొలాల్లో ఉన్నవాళ్ళకు కనబడింది. కేకలు నాకూ వినబడినాయి. పొయ్యిలో నీళ్ళు పోసి, బూడిద ఎత్తి, మళ్ళీ వంకలోంచే తోపు చేరినాను. ఆడవాళ్ళంతా లేచి ఊరి దిక్కు చూస్తున్నారు కాబట్టి నేనెటునుంచి వచ్చినానో ఎవరూ గమనించలేదు. మగవాళ్ళు కంప దాకా ఉరికినారు గానీ లోపలికి పోలేకపోయినారు. పొద్దు మునగలేదు గదా. ఏ ఇంట్లో పొగ లేచిందో తేల్చుకోవాలంటే ఊళ్ళోకి పోవాలి, పోతే వాళ్ళూ కట్టు తప్పినట్టే. వాళ్ళ ఆచారమే వాళ్ళ కాళ్ళు కట్టేసింది. కంప దగ్గర వాళ్ళకు దొరికిన మనిషి ఒకే ఒకతె. గొర్ల నరసమ్మ.

నరసమ్మ మొగుడు పోయిన మనిషి. నాలుగు గొర్లు పెట్టుకొని బతికేది. ఆమె గొర్రె ఒకటి అలవాటు కొద్దీ ఇంటి దోవ పట్టింది. మనిషికి హొరబీడు తెలుసు గానీ గొర్రెకేం తెలుసు? దాన్ని మళ్ళించుకోవడానికి ఆమె కంప దాకా వచ్చింది. అంతే ఆమె చేసిన నేరం. కొడుకుల్లేరు, మరుదుల్లేరు, పంచాయితీలో పక్కన నిలబడే మగవాడు లేడు. ఉండుంటే అడిగే తీరే వేరుగా ఉండేది.

ఆ సాయంత్రం కొత్త నిప్పు పుట్టించకముందే గుడి ముందర కూర్చున్నారు. ఊరి పెద్ద మా మామకు అన్న. నరసమ్మ చేతులు కట్టుకొని నిలబడింది.

"నేను ఊర్లో అడుగు పెట్టలా సామీ. గొర్రె ఉరికొస్తే దాని యంబడి కంప దాకా వస్తి, అంతే. లోపల ఎవరో ఉన్న్యారు. చంటిబిడ్డ ఏడుస్తాంటే ఈ చెవులతో వింటి."

ఊరంతటికీ చంటిబిడ్డ ఒకటే. అందరూ నా దిక్కు తిరిగినారు.

పెదమామ అడిగినాడు: "ఏమ్మా, ఆ పొద్దు నీ బిడ్డ యాడ ఉన్నింది?"

"నా ఒళ్ళోనే నిద్రపోతా ఉన్నింది మామా. చింతతోపులోనే ఉంటిమి. ఏడ్వనే లేదు."

నరసమ్మ నన్ను చూసింది. కోపంగా కాదు. తప్పిపోయిన గొర్రెను దూరం నుంచి ఆనవాలు పట్టేటప్పుడు చూస్తారే, అట్లా చూసింది. తర్వాత తల ఊపింది.

"అట్లయితే నా చెవులే నన్ను మోసం చేసినాయేమో తల్లీ. బాలింత ఎందుకు అబద్ధమాడుతాది?"

అదీ జరిగింది. ఆమె నాతో వాదించి ఉంటే, నన్ను శపించి ఉంటే, నేను ఇంకా గట్టిగా అబద్ధమాడి ఉండేదాన్ని, ఈపాటికి మరిచిపోయి కూడా ఉండేదాన్నేమో. ఆమె నన్ను నమ్మింది. తన చెవుల కంటే నన్ను ఎక్కువ నమ్మింది. లేక నమ్మినట్టు నటించి నన్ను కాపాడిందా? ఆ సంగతి ఇప్పటికీ నాకు తెలియదు. రెండింట్లో ఏది నిజమైనా నాకు నిద్ర పట్టే నిజం కాదు.

ఆమెకు కొత్త నిప్పు ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఇంట్లో అగ్గిపెట్టె లేదా అని మీరనొచ్చు. ఉంది. కానీ ఆ కొరివి అందలేదంటే ఊరు నిన్ను లెక్కలోంచి తీసేసిందని. బావి దగ్గర ఆమె వస్తే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు. కోత అయిన చేలల్లో ఆమె గొర్లను మేయనివ్వలేదు. ఆ ఏడు వానలు పడలేదు. మిగతా ఏళ్ళు మా సీమలో వానలు ముంచెత్తినట్టు, అదీ నరసమ్మ వల్లే అన్నారు. గొర్లకు మూతివాపు రోగం వస్తే అదీ ఆమె వల్లే. రెండో ఏడు తిరక్కముందే ఆమె ధర్మవరంలో కూతురింటికి వెళ్ళిపోయింది. మూట నెత్తిన పెట్టుకొని మా ఇంటి ముందరే పోయింది. నేను తలుపు చాటున నిలబడినాను. మా అత్త వాకిట్లో ఉంది. హొరబీడు నాటి రాత్రే బిడ్డ గుడ్డల్లో పొగ వాసన పసిగట్టి, నోరెత్తకుండా వాటిని ఉతికి ఆరేసిన మనిషి ఆమె. మేమిద్దరం దాని గురించి ఆమె చచ్చిపోయేదాకా మాట్లాడుకోలేదు.

భయపడినాను, నిజమే. బయటపడితే నన్నూ బిడ్డనూ ఏం చేసేవాళ్ళో? పుట్టిల్లు లేనిదాన్ని. ఇవన్నీ నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అన్నీ నిజాలే. కానీ ఒక్క మాట వినండి: నేను పెద్దింటి కోడల్ని. మహా అయితే తిట్టేవాళ్ళు, తలంటి శాంతి చేయించి ఊరుకునేవాళ్ళు. పొయ్యి ముట్టించింది ఎవరో తెలిస్తే ఊరు తప్పును చిన్నది చేసుకునేది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసా? తెలుసనే అనుకుంటున్నాను.

ఆ బిడ్డ పెళ్ళికి చీర కొనడానికి ధర్మవరం పోయినప్పుడు నేతగాళ్ళ వీధిలో నరసమ్మ కనబడింది. అరుగు మీద కూర్చొని రాట్నంతో పట్టుదారం కండెలకు చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. ఒకటే అడిగింది, ఆ బిడ్డ బాగుందా అని. బాగుందన్నాను. పెళ్ళి అన్నాను. సంతోషం అంది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. వీధిలో ఎవరూ లేరు, ఆమె, నేను, మగ్గాల చప్పుడు. చీర సంచి చంకలో పెట్టుకొని బస్సుకు ఆలస్యమవుతోందని వచ్చేసినాను. తర్వాత కొన్నేళ్ళకు ఆమె పోయిందని తెలిసింది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

మధ్యలో హొరబీడు ఆగిపోయింది. మొన్న మాఘంలో కుర్రాళ్ళు మళ్ళీ మొదలుపెట్టినారు. షామియానా, మైకు, ఫోన్లలో వీడియోలు. నేనూ పోదామనుకున్నాను. ఆ బిడ్డే, ఇప్పుడు పెనుకొండలో నర్సుగా ఉంది, నాతో వచ్చింది. బస్సులో పక్కన కూర్చొని ఉంటే అంతా చెప్పేసినాను. ఏడుస్తుందనుకున్నాను. నా చేయి పట్టుకుంటుందనుకున్నాను. నీకోసమే గదా చేసినాను అన్నాను కూడా.

అది నా వైపు తిరిగింది. "పొయ్యి నాకోసం ముట్టించినావు మా. అబద్ధం నీకోసం ఆడుకున్నావు. దానికి నన్ను అడ్డం పెట్టుకోవద్దు" అంది.

నాకు కోపమొచ్చింది. కనిపెంచినదాన్ని ఇంత మాట అంటుందా అని ఒళ్ళు మండింది. బస్సు దిగేదాకా దానితో మాట్లాడలేదు. దిగేసరికి తెలిసింది, అది అన్నదాంట్లో తప్పు వెతకడానికే అంతసేపు పట్టిందని, దొరకలేదని.

తోపులో పెదమామ మనవడు మైకు పట్టుకొని పిల్లలకు హొరబీడు కథ చెప్తున్నాడు. పూర్వం నరసమ్మ అని ఒకామె కట్టు తప్పి పొయ్యి ముట్టించిందట, ఊరికి కరువొచ్చిందట. పిల్లలు నోళ్ళు తెరిచి వింటున్నారు. అంటే ఆమె చచ్చిపోయినా ఊరు ఆ పొయ్యిని ఆరనివ్వలేదన్నమాట. నేను లేచినాను. మోకాళ్ళు పట్టుకొని పోయి మైకు లాక్కున్నాను. ముట్టించింది నేను అన్నాను. బిడ్డ ఏడ్చింది అన్నాను. నరసమ్మ విన్నది నిజం, నేను చెప్పింది అబద్ధం అన్నాను.

ఎవరో నవ్వినారు. అవ్వకు ఎండ తగిలినట్టుంది, మజ్జిగ ఇయ్యండ్రా అన్నారు. మైకు తీసుకొని భక్తిపాటలు పెట్టినారు. పాట మీద పాట వస్తున్నా ఒక్కొక్క ఆడమనిషి దగ్గరికీ పోయి మళ్ళీ చెప్పినాను. కొందరు నమ్మినారు. కొందరు, ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ అన్నారు. నన్ను క్షమించగలిగిన ఆ ఒక్క మనిషి ఇప్పుడు లేదు, ఆమె తరఫున క్షమించే అధికారం ఎవరికీ లేదు, నేనెవరినీ అడగనూ లేదు. గొంతులో మాత్రం చాలా ఏళ్ళ తర్వాత గాలి ఆడింది. ఆ పూట సద్దిముద్ద రెండుసార్లు పెట్టించుకొని తిన్నాను.

పాటల గోలలో విననివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆ ఊరివాళ్ళు ఎవరైనా చదివితే, వచ్చే మాఘంలో ఆ కథ మానొద్దు. పిల్లలకు చెప్పండి. పేరు ఒక్కటి మార్చి చెప్పండి. నా పేరు మీకు తెలుసు.